గ్లాస్గో నీళ్ల వెంట సైకిలు మీద

పొద్దున ఆరు గంటలకు మా మేనల్లుడు వంటింట్లో కొళాయి తిప్పి రెండు సీసాల నిండా నీళ్లు పట్టాడు. గ్లాస్గోలో పార్టిక్ అనే పేటలో, పాత రాతి భవనంలో మూడో అంతస్తు వాటా వాడిది. ఫిల్టరు లేదు, కాచి చల్లార్చడం లేదు. కొళాయిలోంచి సరాసరి సీసాలోకే.

"మామయ్యా, ఈ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో ఇవాళ అక్కడికే వెళ్తున్నాం. ఆ గట్టున కూర్చుని ఇవే తాగుదురుగాని" అన్నాడు.

గ్లాస్గో పేరు వింటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది యూనివర్సిటీ, చలి, ముసురు. గంటంపావు ఉత్తరంగా పోతే చాలు, అవన్నీ వెనకబడతాయి. అబర్‌ఫాయిల్ అనే చిన్న ఊరు దాటగానే డ్యూక్స్ పాస్ అనే కనుమ దారి మొదలవుతుంది. ఒంపులు తిరుగుతూ ఎక్కి, మళ్లీ అడవిలోకి దిగి, ఒక రేవు దగ్గర ఆగిపోతుంది. అదే ట్రోసాక్స్ రేవు. దాని ముందున్నది లాఖ్ కాట్రిన్. లాఖ్ అంటే స్కాట్లాండ్‌లో సరస్సు. చివరి 'ఖ' గొంతులోంచి రావాలి. మనకు అదేం కష్టం కాదు, ఇంగ్లీషువాళ్లకే కష్టం.

సరస్సు పొడవు 13 కిలోమీటర్లు. బాగా లోతున్నచోట 151 మీటర్లు. ఉత్తరపు ఒడ్డు పొడుగునా ఒక తారు రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద అక్కడ నివాసముండేవాళ్ల బళ్లు, నీళ్ల శాఖ బళ్లు తప్ప వేరే కారు తిరగడానికి వీల్లేదు. నడిచేవాళ్లు నడవొచ్చు, సైకిలువాళ్లు తొక్కొచ్చు. స్కాట్లాండ్ మొత్తమ్మీద ఒక్కరోజు సైకిలు ప్రయాణానికి ఏ దారి మంచిదని నన్నడిగితే ఆలోచించకుండా దీని పేరే చెబుతాను. ఇంతకంటే పొడుగు దారులున్నాయి, ఇంతకంటే ఎత్తయిన కొండలున్నాయి. కానీ ఇక్కడున్న నిశ్శబ్దం ఎవరో కావాలని కాపాడుకుంటూ వచ్చిన నిశ్శబ్దం. అది ఎందుకు మిగిలిందో తెలుసుకుంటే తొక్కే ప్రతి మైలుకూ విలువ పెరుగుతుంది.

పడవ మీద సైకిళ్లు

రేవు పక్కనే సైకిళ్లు అద్దెకిచ్చే షెడ్డు ఉంది. మా ఇద్దరికీ చెరొక గేర్ల సైకిలు తీసుకున్నాం. కొట్టులోని కుర్రాడు సీటు నా నడుము ఎత్తుకు సరిచేసి, బ్రేకులు రెండూ నాచేత నొక్కించి చూసి, తలకు హెల్మెట్ బిగించి, జేబులో ఒక ట్యూబూ చేతిపంపూ పెట్టాడు. బ్యాటరీ సైకిళ్లు కూడా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొహమాటపడకుండా అవి తీసుకోవచ్చు. దారిలో ఎత్తుపల్లాలు చాలానే ఉన్నాయి.

తెలిసినవాళ్లు చేసే పని ఏమిటంటే, పోయేటప్పుడు సైకిలును పడవ మీద వేసుకుని సరస్సు పడమటి భాగంలోని స్ట్రోనాక్లాకర్ రేవులో దిగుతారు. వచ్చేటప్పుడు ఉత్తరపు ఒడ్డు చుట్టి తొక్కుకుంటూ తిరిగొస్తారు. అది దాదాపు 21 కిలోమీటర్లు. మేమూ అలాగే చేశాం. పడవలో ఓ పక్క వరసగా పదిహేను సైకిళ్లు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టారు. వాటిలో పసిపిల్లల బుట్ట కట్టినవి రెండు.

ఈ సరస్సు మీద ముసలి ఓడ ఒకటుంది. పేరు సర్ వాల్టర్ స్కాట్. 1899లో డంబార్టన్‌లో డెన్నీ కంపెనీవాళ్లు కట్టారు. అయితే డంబార్టన్‌లో కట్టిన ఓడ కొండల మధ్య ఉన్న ఈ సరస్సులోకి ఎలా వస్తుంది? ముందు నట్లూ బోల్టులతో మొత్తం బిగించి చూశారు. తర్వాత విప్పి ముక్కలుగా చేసి, బల్లకట్టు మీద లాఖ్ లోమండ్ గుండా ఇన్వర్‌స్నెయిడ్ దాకా తెచ్చారు. అక్కణ్నుంచి గుర్రపు బళ్ల మీద కొండెక్కించి స్ట్రోనాక్లాకర్ చేర్చారు. ఒడ్డున మళ్లీ కూర్చి, ఈసారి రివెట్లు కొట్టి నీళ్లలోకి దింపారు. ఊరు తాగే నీళ్ల మీద నూనె తెట్టు తేలకూడదు కాబట్టి డీజిల్ ఇంజను పెట్టలేదు, ఆవిరి ఇంజనే ఉంచారు. ఇటీవలి కాలంలో బాయిలరుకు బయో ఇంధనం వాడుతున్నారు. 2020లో బాయిలరు పగుళ్లిచ్చి ఓడ ఆగిపోతే జనం చందాలు వేసుకుని బాగుచేయించారు. 2023లో మళ్లీ నీళ్ల మీదికి వచ్చింది. నూటపాతికేళ్ల యంత్రం కోసం జేబులో డబ్బు తీసి ఇచ్చిన ఆ మనుషులకు చేతులెత్తి దణ్నం పెట్టాలనిపించింది నాకు.

సైకిళ్లకు వేరే పడవ. గంటలోపే స్ట్రోనాక్లాకర్‌లో దింపింది. రేవు ఒడ్డునే చిన్న టీ హోటలు. వేడి సూపు, రొట్టె, వెన్న, గిన్నెడు జామ్‌తో స్కోన్ అనే బన్ను. ఎండ కాస్తోంది గదా అని బయట బల్ల మీద కూర్చున్నాం. పది నిమిషాల్లో కొండ మీంచి ఒక మేఘం దిగి జల్లు కురిసి వెళ్లిపోయింది. ఎవరూ లేవలేదు. పక్క బల్ల దగ్గరున్న పెద్దావిడ టీ కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మాటలు కొనసాగించింది.

కొళాయి వెనక కథ

రేవు వదిలి పడమరగా, సరస్సు కొస వైపు తొక్కడం మొదలుపెట్టాం. అయిదు నిమిషాల్లో మనుషుల మాటలు వినబడటం మానేశాయి. ఎడమ చేతివైపు కొండ, కుడి చేతివైపు నీళ్లు, మధ్యన ఒక్క బండి పట్టే దారి. టైరు తడి తారును ఒరుసుకుంటున్న చప్పుడొక్కటే. ఇలాంటి చప్పుడు విని ఎన్నేళ్లయిందో. చిన్నప్పుడు తెల్లవారుజామున కాలవగట్టు మీద బడికి సైకిలేసుకుని పోతుంటే విన్నాను.

ఈ దారి ఇలా ఉండటానికి కారణం కలరా.

పంతొమ్మిదో శతాబ్దం సగానికి గ్లాస్గో ఫ్యాక్టరీల ఊరు. పల్లెల నుంచి, ఐర్లండ్ నుంచి జనం వచ్చి పడ్డారు. బావుల నీళ్లు, క్లైడ్ నది నీళ్లు తాగేవాళ్లు. అదే నదిలోకి మురుగూ పోయేది. 1832లో కలరా వచ్చింది. 1848-49లో మళ్లీ వచ్చింది. 1853-54లో మళ్లీ. ఒక్కోసారి వేలమంది పోయారు. ఇక లాభం లేదని ఊరి పాలక సంఘం దూరపు కొండల్లో ఉన్న ఈ సరస్సు వైపు చూసింది. ఆ ప్రయత్నం సాఫీగా సాగలేదు. నీళ్లు ఇటు మళ్లిస్తే ఫోర్త్ నదిలో ఓడలు నడవడానికి ఇబ్బందని నౌకాదళ శాఖ అడ్డం పడింది. ఈ నీళ్లు మరీ తేటవి, ఇళ్లల్లోని సీసపు గొట్టాలను కరిగించి విషం చేస్తాయని ఒక రసాయన శాస్త్ర ఆచార్యుడు హెచ్చరించాడు. 1854లో పార్లమెంటులో బిల్లు వీగిపోయింది. మరుసటేడు మళ్లీ పెట్టి నెగ్గించుకున్నారు. దీని కోసం పట్టుబట్టి పనిచేసినవాడు నగర పెద్ద రాబర్ట్ స్టూవర్ట్. గ్లాస్గోలో కెల్విన్‌గ్రోవ్ పార్కులో ఆయన పేరిట 1872లో కట్టిన ఫౌంటెన్ ఉంది. మా మేనల్లుడు రోజూ ఆఫీసుకు దాని పక్కనుంచే నడిచి వెళ్తాడు. అది నీళ్లు తెచ్చినాయన గుర్తుగా కట్టిందని వాడికీ ఈ ప్రయాణం తర్వాతే తెలిసింది.

ఇంజనీరు జాన్ ఫ్రెడరిక్ బేట్‌మన్. ఆయన వేసిన లెక్క ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. సరస్సు సముద్ర మట్టానికి 110 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. ఊరు కింద ఉంది. కాబట్టి తోడే మోటార్లు అక్కర్లేదు, వాలు కుదిరితే చాలు. ఆ వాలు ఎంతంటే మైలుకు 10 అంగుళాలు. కంటికి కనబడని వాలు అది. దాని మీద మిల్‌గై దగ్గరున్న మగ్‌డాక్ చెరువుదాకా 26 మైళ్లు నీళ్లు నడిపించాడు. అందులో సగానికి సగం సొరంగాలే. రాయి ఎంత గట్టిదంటే కొన్నిచోట్ల రోజంతా తొలిచినా అంగుళాల్లోనే ముందుకు జరిగారు. 1859 అక్టోబరు 14న విక్టోరియా రాణి పడవ మీద వచ్చి నీళ్లు వదిలింది. ఆమె బస కోసం దక్షిణపు ఒడ్డున రాయల్ కాటేజీ అని ఇల్లు కట్టారు. స్వాగతానికి పేల్చిన ఫిరంగుల అదురుకు కిటికీ అద్దాలన్నీ పగిలిపోయి రాణి అందులో ఉండనే లేదని ఇక్కడివాళ్లు చెబుతారు. అవతలి ఒడ్డున చెట్ల మధ్య ఆ ఇల్లు మాకు కనబడింది. ఊరికి వెళ్లే నీళ్లు సొరంగంలోకి దిగేది అక్కడే.

1866లో బ్రిటన్‌లో మళ్లీ కలరా వ్యాపించింది. గ్లాస్గోలో మాత్రం మునుపటిలా చావులు లేవు. ఒక ఊరు తన డబ్బుతో తాను చేసుకున్న ఇంతకంటే గొప్ప పని నాకు వేరే తెలియదు. నేటికీ పది లక్షల పైచిలుకు జనం ఈ నీళ్లే తాగుతున్నారు.

నీళ్లు కాపాడాలంటే గట్టు కాపాడాలి. అందుకే ఒడ్డున ఊళ్లు పెరగనివ్వలేదు, కార్లు రానివ్వలేదు. 2002లో గ్లాస్గోలో నీళ్లలో క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి బయటపడి చాలా ఇళ్లకు నీళ్లు కాచి తాగమని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ఈ కొండల మీద తరతరాలుగా మేస్తున్న గొర్రెలను కూడా దింపేశారు. స్కాట్లాండ్‌లో ఎక్కడికి పోయినా కొండ నిండా తెల్లటి చుక్కల్లా గొర్రెలు కనబడతాయి. ఇక్కడ ఒక్కటీ లేదు. గొర్రె లేకపోవడంతో చిన్న మొక్క బతికింది. బర్చి, రోవన్, ఓక్ చెట్లు కొండ పైకి పాకుతున్నాయి. ఆగస్టు కాబట్టి రోవన్ చెట్లకు గుత్తులు గుత్తులుగా ఎర్రటి పళ్లు, వాటి వెనక కొండవాలు మీద ఊదారంగు హెదర్ పూలు. ఈ చుట్టుపక్కల 16 వేల హెక్టార్ల పైచిలుకు భూమిలో పాత అడవిని తిరిగి పెంచడానికి 200 ఏళ్ల ప్రణాళిక వేసుకున్నారు. మొక్క నాటినవాడు ఆ అడవిని చూడడు, వాడి మనవడు కూడా సగమే చూస్తాడు. అయినా నాటుతున్నారు.

నేను హైదరాబాదు వాణ్ని. ఇక్కడ నిలబడితే నాకు గండిపేట గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? 1908 మూసీ వరద తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన చెరువు అది. దాని నీళ్లు కూడా మోటార్లు లేకుండా వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్లకు వచ్చేవి. గండిపేట నీళ్లు తాగినవాడు ఊరు వదలడని మావాళ్ల మాట. గండిపేటతో సహా జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో ఇచ్చిన 111 జీవోను 2022లో సడలించారు. ఆ నిర్ణయం తప్పని నేను అప్పుడూ అనుకున్నాను. లాఖ్ కాట్రిన్ గట్టున నిలబడ్డాక ఆ సంగతి మరింత గట్టిగా చెప్పగలను.

పేరు పోగొట్టుకున్న వంశం

సరస్సు కొస తిరిగేచోట గ్లెన్‌గైల్. లోయ మూసుకుపోయినట్టుంటుంది. తెల్ల సున్నం వేసిన ఇల్లొకటి చెట్ల మధ్య నిలబడి ఉంది. 1671లో రాబ్ రాయ్ మెగ్రెగర్ పుట్టింది ఇక్కడే. ఇప్పుడున్న ఇల్లు ఆ తర్వాతి కాలంలో కట్టింది. ఎవరో కాపురం ఉంటున్నారు కాబట్టి దూరంనుంచి చూసి వెళ్లిపోవడం మర్యాద.

రాబ్ రాయ్ కథ స్కాట్లాండ్ పిల్లలందరికీ తెలుసు. పశువుల వ్యాపారి. మాంట్రోజ్ డ్యూక్ దగ్గర అప్పు తెచ్చి పశువులు కొనబోతే డబ్బు పట్టుకెళ్లిన మనిషి పారిపోయాడు. డ్యూక్ కనికరించలేదు. నేరస్తుడని చాటించి, ఇల్లూ భూమీ లాక్కుని, పెళ్లాం పిల్లల్ని బయటికి గెంటించాడు. రాబ్ రాయ్ కొండలెక్కి, ఆ డ్యూక్ పశువుల్నే తోలుకుపోవడం మొదలుపెట్టాడు. 1716లో శిస్తు వసూలుకు వచ్చిన డ్యూక్ గుమాస్తాను పట్టుకుని, స్ట్రోనాక్లాకర్ రేవు ఎదురుగా ఉన్న దిబ్బ మీద బంధించాడు. ఆ దిబ్బను ఇప్పటికీ ఫ్యాక్టర్స్ ఐలండ్, అంటే గుమాస్తా లంక అంటారు. మేం టీ తాగుతూ అరగంటసేపు చూసింది దాన్నే.

నన్ను ఎక్కువగా కదిలించింది మరో సంగతి. 1603లో రాజు ఆరో జేమ్స్ మెగ్రెగర్ అనే పేరునే నిషేధించాడు. ఆ ఇంటిపేరు పెట్టుకోవడమే నేరం. మధ్యలో కొన్నాళ్లు సడలించినా 1693లో మళ్లీ బిగించారు. అది పూర్తిగా పోయింది 1774లో. రాబ్ రాయ్ అంతటివాడు కూడా తల్లి వంశం పేరు క్యాంబెల్ అని రాసుకోవాల్సి వచ్చింది. ఇంటిపేరు చెప్పుకునే హక్కు కోసం ఒక వంశం నూటడెబ్బై ఏళ్లు ఎదురుచూసింది.

గ్లెన్‌గైల్ దాటి కొంతదూరం పోయాక పోర్ట్‌నెలన్ దగ్గర రోడ్డు దిగువన, నీళ్లలోకి చొచ్చుకుపోయిన చిన్న గట్టు కనిపిస్తుంది. దాని కొసన రాతి గోడ కట్టిన చతురం. మెగ్రెగర్ల శ్మశానం. నీటిమట్టం పెంచినప్పుడు సమాధులు మునిగిపోకుండా గట్టు వేసి ఎత్తుచేశారు. సైకిళ్లు గడ్డిలో పడుకోబెట్టి లోపలికి వెళ్లాం. పలకలు నాచుపట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. ఒక పలక మీద వేలితో తడిమి అక్షరం పోల్చుకోబోయాను. ఎమ్ ఒక్కటే తగిలింది, మిగతావి వానకు అరిగిపోయాయి. మూడువైపులా నీళ్లు గోడను తాకుతున్నాయి. ఆ నీళ్లే పొద్దున సీసాలో పట్టుకుని వచ్చామన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గోడ వారగా కూర్చుని ఇద్దరం తాగాం. ఏ రుచీ లేదు. మంచినీళ్లకు ఉండవలసిన గుణమే అది.

ఎత్తు, ఎదురుగాలి, నుసి

పోర్ట్‌నెలన్ తర్వాత దారి గుణం మారుతుంది. అంతదాకా నీటి అంచునే నడిచిన రోడ్డు ఉన్నట్టుండి కొండ మీదికి ఎక్కుతుంది, ఒక మలుపులో సరస్సంతా చూపిస్తుంది, మళ్లీ జారవిడుస్తుంది. ఇలా నాలుగైదుసార్లు. ఎత్తు వచ్చినప్పుడు గేరు ముందే దించుకోవాలి. ఎక్కుతూ దించబోతే చైను పళ్లమీద కరకరమని ఒక్కోసారి జారిపోతుంది. నాకు అలాగే జారింది. మా మేనల్లుడు సైకిలు బోర్లా తిప్పి, ఒక పుల్లతో చైను ఎత్తి పళ్ల చక్రం మీద వేసి, పెడల్ చేత్తో ఒక చుట్టు తిప్పాడు. నిమిషం పట్టలేదు. చేతుల నల్లటి మడ్డి గడ్డికి తుడుచుకుని "పదండి మామయ్యా" అన్నాడు. ఊళ్లో మా నాన్న, అంటే వాడి తాత, తన సైకిలుకు చేసిన పద్ధతే, పుల్లతో సహా. ఎవరు నేర్పారో వాడికి.

దారికి అడ్డంగా అక్కడక్కడా చిన్న గోతి తవ్వి దానిమీద ఇనుప పైపులు పరిచి ఉంటాయి. పశువులు దాటకుండా చేసిన ఏర్పాటు. వాటి మీద బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. తడిసిన ఇనుము జారుతుంది. తిన్నగా, ఒకే వేగంతో దాటితే దడదడమని చప్పుడుచేసి వదిలేస్తుంది.

గాలి ఆగితే మిడ్జి వస్తుంది. నుసిలాంటి పురుగు. కంటికి చుక్కంత ఉంటుంది, కుడితే సూది గుచ్చినట్టు మండుతుంది. తొక్కుతున్నంతసేపూ దగ్గరికి రాదు. చెట్ల నీడన ఆగి ఫోటో తీసుకోబోయామో, మొహం మీద మబ్బులా వాలుతుంది. స్థానికులు తలమీద సన్నటి వల ముసుగు తగిలించుకుంటారు. ఎదురుగాలి వీస్తే విసుక్కోకండి, ఆ గాలే మిమ్మల్ని మిడ్జి నుంచి కాపాడుతుంది.

డెబ్బై దాటిన దంపతులు ఒకరి వెనక ఒకరు ఎత్తు ఎక్కుతూ మమ్మల్ని దాటిపోయారు. పాత ఉక్కు సైకిళ్లు, వెనక తోలు సంచులు. స్కాట్లాండ్‌లో ఆదివారం సైకిలు ప్రయాణం ఆటల పోటీలా ఉండదు. సంచిలో రొట్టె ముక్కలు, ఫ్లాస్కులో టీ, వానకోటు. కనబడ్డవాళ్లందరినీ పలకరించడం, పది మైళ్లు తొక్కి ఒకచోట కూర్చుని తిని మళ్లీ తొక్కడం. 2003లో చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం ఇతరులకు ఇబ్బంది కలిగించనంతవరకు కొండల మీద, ఒడ్ల మీద నడిచే హక్కు, సైకిలు తొక్కే హక్కు అందరికీ ఉంది. భూమి ఎవరిదైనా సరే. ఆ చట్టం ఇచ్చిన ధీమా ఈ మనుషుల నడకలో కనబడుతుంది.

సైకిలుకూ ఈ దేశానికీ పాత చుట్టరికం. డంఫ్రీస్ ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్ మెక్‌మిలన్ అనే కమ్మరి 1839 ప్రాంతంలో పెడల్ సైకిలు చేశాడని ఇక్కడివాళ్ల నమ్మకం. చరిత్రకారులు అందరూ ఒప్పుకోరు. గాలి టైరు సంగతిలో మాత్రం వివాదం లేదు. స్టోన్‌హేవన్‌లో పుట్టిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంటు తీసుకున్నాడు. దాన్ని లోకం మరిచిపోయాక, ఎయిర్‌షైర్‌లో పుట్టి బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా స్థిరపడ్డ జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపులకు తట్టుకోలేక మళ్లీ కనిపెట్టాడు. ఆ డన్‌లప్ పేరే మన ఇళ్లల్లో పరుపు దాకా వచ్చింది. 1993లో గంటలో అత్యధిక దూరం తొక్కిన ప్రపంచ రికార్డు సాధించిన గ్రేమ్ ఓబ్రీ కూడా స్కాట్లాండ్‌వాడే. తన సైకిలు తానే చేసుకున్నాడు, అందులో బట్టలుతికే మిషను బేరింగులు వాడాడు.

చివరి మూడు మైళ్లలో సరస్సు సన్నబడుతుంది. అవతల బెన్ వెన్యూ కొండ, 729 మీటర్లు, నీళ్లలోంచి లేచినట్టు నిలువుగా ఉంటుంది. దాని నీడలో ఎలెన్స్ ఐలండ్ అనే గుబురు దీవి. 1810లో వాల్టర్ స్కాట్ ఈ సరస్సు మీద 'ది లేడీ ఆఫ్ ది లేక్' అనే కావ్యం రాశాడు. ఏడాదిలోపే ఇరవై వేల ప్రతులు దాటిపోయాయి, జనం బళ్లు కట్టుకుని కొండల్లోకి వచ్చారు. షూబర్ట్ 'ఆవే మరియా' పాటకు మూలం ఈ కావ్యమే. అమెరికా అధ్యక్షుడు సభలోకి వచ్చేటప్పుడు వాయించే బాణీ కూడా ఇందులోని పడవ పాటకు కట్టిందే. అయితే స్కాట్ వర్ణించిన తెల్ల ఇసుక తీరాన్ని మీరు చూడలేరు. గ్లాస్గోకి నీళ్ల కోసం మట్టం పెంచినప్పుడు అది మునిగిపోయింది. ఆ ఊరి పిల్లలు కలరా లేకుండా పెరిగారు కాబట్టి ఆ తీరం పోయినందుకు నాకేం విచారం లేదు.

నాలుగు గంటలకు ట్రోసాక్స్ రేవులో సైకిళ్లు అప్పగించాం. దారి పొడుగునా మాకు ఎదురైన మోటారు బండి ఒక్కటే. అది నీళ్ల శాఖ వాళ్ల తెల్ల వ్యాను. మమ్మల్ని చూసి పక్కకు తీసి ఆపి, మేం దాటాక కదిలింది.

చదువులకని, ఉద్యోగాలకని గ్లాస్గో, ఎడిన్‌బరా వెళ్లిన మన పిల్లల్ని చూడటానికి ఏటా ఎందరో తల్లిదండ్రులు వస్తున్నారు. కోటలు, దుకాణాలు చూసి తిరిగొస్తున్నారు. వాళ్లకొక మాట. మే నుంచి సెప్టెంబరు దాకా ఏదో ఒక రోజు దీనికోసం కేటాయించండి. ముందు పడవ వేళలు కనుక్కోండి, చలికాలంలో సర్వీసులు తగ్గిపోతాయి. పోయేటప్పుడు మాత్రమే పడవ టికెట్టు తీసుకుని స్ట్రోనాక్లాకర్‌లో దిగి, తిరుగు ప్రయాణం సైకిలు మీద చేయండి. తొందర లేకుండా నాలుగు గంటలు పెట్టుకోండి. వానకోటు, ముఖానికి వల, తినడానికి ఏదైనా సంచిలో పెట్టుకోండి. పోర్ట్‌నెలన్ దగ్గర ఆగండి. నీళ్ల సీసా మాత్రం కొనకండి. పిల్లల ఇంట్లో కొళాయి కింద పట్టుకుని వెళ్లండి.